సిక్స్‌ప్యాక్‌కి వారానికి ఎన్ని రోజులు?

మా హాస్టల్‌లో జిమ్‌కి వెళ్లేవాళ్ల టైమ్‌టేబుల్ అడిగితే దాదాపు అందరూ ఒకటే చెప్తారు. సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, కాళ్లకి "తర్వాత చూద్దాంలే", పొట్టకి మాత్రం రోజూ. చివర్లో మ్యాట్ మీద పడుకుని వంద క్రంచెస్ కొట్టనిదే ఎవ్వరూ బయటికి రారు. రోజూ ఎందుకురా అంటే, "రోజూ చేస్తేనే కదా కరిగేది" అంటారు.

అసలు చిక్కంతా ఆ మాటలోనే ఉంది. చేసేది కండరం, కరిగేది కొవ్వు. ఈ రెండూ వేర్వేరు, వాటి లెక్కలూ వేర్వేరు. "పొట్టకి వారానికి ఎన్ని రోజులు?" అనే ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. బలం రావాలంటే ఎన్ని రోజులు? పలకలు బయటికి కనపడాలంటే ఎన్ని రోజులు? రెండింటికీ ఒకే జవాబు అనుకుంటే రెండూ రావు.

ఫెస్ట్ దగ్గర పడుతోంది కాబట్టి ఇది ఇప్పుడే రాయాలనిపించింది. మా ఫ్లోర్‌లో ఒకడు 20 రోజుల ఛాలెంజ్ అని రోజుకి 300 సిటప్స్ మొదలుపెట్టాడు. పదో రోజుకి నడుం పట్టేసి ల్యాబ్‌లో స్టూల్ మీద కూర్చోలేకపోయాడు. ఇంకొకడు రాత్రిపూట మెస్‌కి రావడమే మానేశాడు. ఇద్దరూ సోమరులు కారు, మనందరికన్నా ఎక్కువ కష్టపడ్డారు. ఆ కష్టం పెట్టాల్సిన చోట పెట్టలేదు, అంతే.

లోపల ఏముంది?

మనం సిక్స్‌ప్యాక్ అనేది ఆరు కండరాలు కాదు. ముందువైపు పొట్ట మీద నిలువుగా ఉండే కండరం పేరు రెక్టస్ అబ్డామినిస్. కింద కటి ఎముక దగ్గర మొదలై పైన పక్కటెముకల దాకా వెళ్తుంది. మధ్యలో నిలువుగా ఒక తెల్లటి గీత దాన్ని కుడి, ఎడమగా విడదీస్తుంది. అడ్డంగా కొన్ని గట్టి పట్టీలు ఉంటాయి. ఆ పట్టీల మధ్య ఉబ్బిన కండరమే మనకి పలకలుగా కనపడుతుంది. చాలామందికి ఈ అడ్డపట్టీలు మూడు ఉంటాయి, కొందరికి రెండో నాలుగో ఉంటాయి. కాబట్టి ఎవరికి నాలుగు పలకలు, ఎవరికి ఆరు, ఎవరికి ఎనిమిది అనేది పుట్టుకతోనే తేలిపోతుంది. కుడి, ఎడమ పలకలు సమానంగా లేకపోయినా అంతే. ఎంత వ్యాయామం చేసినా ఆ సంఖ్య మారదు, ఉన్నవి మందంగా తయారవుతాయి, అంతవరకే.

పక్కల్లో రెండు పొరలుగా ఆబ్లిక్స్ ఉంటాయి. నడుం తిప్పడం, పక్కకి వంగడం, అసలు ముఖ్యంగా పక్కకి వంగిపోకుండా ఆపడం వాటి పని. అన్నిటికన్నా లోపల, బెల్టు చుట్టినట్టు అడ్డంగా ఉండేది ట్రాన్స్‌వర్స్ అబ్డామినిస్. బయటికి కనపడదు, అద్దం ముందు పనికిరాదు, కానీ నడుముని కాపాడటంలో దాని పాత్ర పెద్దది.

జిమ్‌లో తరచూ వినపడే "లోయర్ ఆబ్స్" అనేది వేరే కండరం కాదు. అదే రెక్టస్ కింది భాగం. కాళ్లు ఎత్తే వ్యాయామాల్లో కింది వైపు కాస్త ఎక్కువ పని పడుతుంది. కింది భాగం చివర్లో కనపడటానికి అసలు కారణం వేరు: అక్కడ కొవ్వు ఎక్కువగా చేరుతుంది, కరగడం కూడా ఆలస్యం.

బలానికి లెక్క: వారానికి 2 లేదా 3 రోజులు

పొట్ట కండరాలు రోజంతా పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి వాటికి విశ్రాంతి అక్కర్లేదని ఒక వాదన ఉంది. రెక్టస్‌లో నెమ్మదిగా అలిసే తంతువులు, వేగంగా బలం చూపే తంతువులు దాదాపు సమపాళ్లలో ఉంటాయి. అంటే అది చేతి కండరం లాంటిదే, కాలి కండరం లాంటిదే. బైసెప్స్‌కి రోజూ కర్ల్స్ కొట్టొద్దని చెప్పేవాడు పొట్టకి మాత్రం రోజూ కొట్టమనడంలో అర్థం లేదు.

బరువుతో గట్టిగా పని చేయించాక కండరం తనని తాను బాగుచేసుకునే పని మొదలవుతుంది. కొత్త ప్రోటీన్ కట్టుకోవడం సుమారు 24 నుంచి 48 గంటల దాకా మామూలు కన్నా ఎక్కువగా సాగుతుంది. బలం వచ్చేది ఆ గంటల్లోనే, మనం మ్యాట్ మీద ఉన్న పది నిమిషాల్లో కాదు. అందుకే మధ్యలో ఒక రోజు ఖాళీ వదలాలి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 2009లో ఇచ్చిన సూచనల్లో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి వారానికి 2 నుంచి 3 రోజులే చెప్పింది. మనలో చాలామంది ఆ కోవలోకే వస్తాం. దానికి తోడు స్క్వాట్స్, డెడ్‌లిఫ్ట్, పుల్లప్స్ చేసేవాళ్లకి ఆ రోజుల్లో కూడా పొట్టకి పని పడుతూనే ఉంటుంది. దాన్ని లెక్కలోంచి తీసేయకూడదు.

రోజుల సంఖ్య కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది: పని కష్టంగా ఉందా లేదా అన్నది. 100 క్రంచెస్ అవలీలగా చేయగలిగితే నూటొకటోది కండరానికి కొత్తగా నేర్పేది ఏమీ లేదు. దానివల్ల ఓపిక పెరుగుతుంది, బలం పెద్దగా పెరగదు. పాసైన ప్రోగ్రాముకి అదే టెస్ట్ కేసు వందసార్లు ఇచ్చినట్టు. 8 నుంచి 15 సార్లలోపే "ఇక నావల్ల కాదు" అనిపించేంత కష్టమైన రకం ఎంచుకోవాలి. అనుకున్న సంఖ్య కన్నా ఒకటి రెండు ఎక్కువ చేయగలిగినప్పుడు బరువు 2 నుంచి 10 శాతం పెంచమని ఆ సూచనల్లోనే ఉంది. పొట్ట విషయంలో బరువు పెంచడమంటే ఛాతీ మీద పుస్తకాల బ్యాగు పెట్టుకోవడం కావచ్చు, మోకాళ్లు వంచి ఎత్తేది కాళ్లు చాచి ఎత్తడం కావచ్చు.

రోజూ చేసినా ఫర్వాలేనివి కూడా ఉన్నాయి. కెనడాలోని వాటర్లూ యూనివర్సిటీలో వెన్నెముక మీద దశాబ్దాలు పనిచేసిన ప్రొఫెసర్ స్టూవర్ట్ మెక్‌గిల్ మూడు తేలిక వ్యాయామాలు ప్రచారం చేశారు. నడుం వంపు చెడకుండా తల, భుజాలు మాత్రం కొద్దిగా లేపే కర్ల్‌అప్ ఒకటి. సైడ్ ప్లాంక్ రెండోది. నాలుగు కాళ్ల మీద ఉన్నట్టు ఉండి ఒక చెయ్యి, ఎదురు కాలు చాచే బర్డ్ డాగ్ మూడోది. ఒక్కోటి 10 సెకన్లు పట్టి వదలడమే. ఇవి కండరాన్ని అలసగొట్టేవి కావు, నడుముకి అలవాటు నేర్పేవి. రోజంతా ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చునే మనకి బాగా పనికొస్తాయి.

టిక్కీ ఎత్తే మనిషి పొట్ట

మాది పల్నాడు జిల్లా మాచవరం. చుట్టూ మిరప, పత్తి. వేసవికి ముందు కాయ ఎండి, గోతాల్లో తొక్కి, లారీలకెక్కించి గుంటూరు యార్డుకి పంపే రోజుల్లో ఊళ్లో ఎటు చూసినా టిక్కీలే. ఒక్కో టిక్కీ 40 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. వాటిని వీపు మీద వేసుకుని చెక్క మీదుగా లారీ ఎక్కే మామయ్యల్లో ఒక్కరు కూడా జీవితంలో క్రంచ్ కొట్టి ఉండరు. చొక్కా తీస్తే చాలామందికి పలకలూ కనపడవు. కానీ ఆ బరువు కింద నడుం ఇటూ అటూ ఊగదు. పోయిన సెలవుల్లో ఒకాయన్ని అడిగాను, ఎలా ఎత్తుతావు మామయ్యా అని. "ఏముందిరా, గాలి బిగబట్టి పొట్ట గట్టి చేసుకోవాల, అప్పుడు లేపాల. పొట్ట వదిలేసి లేపితే నడుం పోద్ది" అన్నాడు.

ఇంగ్లిష్ వీడియోల్లో బ్రేసింగ్ అని అరగంట చెప్పేది ఆయన రెండు ముక్కల్లో చెప్పేశాడు. గాలి పీల్చి బిగిస్తే పైన డయాఫ్రమ్, కింద కటి కండరాలు, చుట్టూ ట్రాన్స్‌వర్స్, ఆబ్లిక్స్ అన్నీ కలిసి పొట్ట లోపల ఒత్తిడి పెంచుతాయి. గాలి నిండిన టైరు బరువు మోసినట్టు ఆ ఒత్తిడి వెన్నెముకకి ముందు నుంచి ఊతమిస్తుంది. బీపీ ఉన్నవాళ్లు మాత్రం ఊపిరి గట్టిగా బిగబట్టకూడదు, ఎత్తేటప్పుడు మెల్లగా వదులుతూ ఉండాలి.

1882లో వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గురించి మన తాతల తరం కథలు కథలుగా చెప్పుకున్నారు. విశాఖ బీచ్ రోడ్డులో విగ్రహం ఉన్నది ఆయనదే. ఛాతీకి ఇనుప గొలుసు చుట్టించుకుని ఊపిరి బిగించి తెంచేవారని, ఏనుగుని ఛాతీ మీద నిలబెట్టుకునేవారని చెప్తారు. ఆ విద్యలన్నిటికీ పునాది ఊపిరి బిగించడమే. శ్రీకాకుళం నుంచే వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. 130 కిలోలు తల మీదకి వెళ్లినప్పుడు చేతులకీ కాళ్లకీ మధ్య ఉన్న భాగం మెత్తబడితే బరువు కింద పడుతుంది. పొట్ట బలానికి అసలు పరీక్ష అది. ముందుకు వంగడం కాదు, వంగిపోకుండా నిలబడటం. అమెరికా సైన్యం కూడా చాలా ఏళ్లు రెండు నిమిషాల సిటప్స్ పరీక్ష పెట్టి, 2022లో అమల్లోకి వచ్చిన కొత్త పరీక్షలో దాని స్థానంలో ప్లాంక్ తెచ్చింది.

కాబట్టి బలం వేరు, కనపడటం వేరు. టిక్కీ ఎత్తే మామయ్యకి మొదటిది ఉంది, రెండోది లేదు. మెస్ మానేసిన మా ఫ్రెండ్‌కి ఇంకో రెండు నెలలు పోతే రెండోది వస్తుందేమో, మొదటిది మాత్రం రాదు.

కనపడటానికి లెక్క

మన తరానికి సిక్స్‌ప్యాక్ పిచ్చి పట్టించింది సినిమాలే. 2007లో "దేశముదురు"లో అల్లు అర్జున్, 2012లో "పూలరంగడు"లో సునీల్ చొక్కా విప్పినప్పటి నుంచి అది హీరో అర్హతల్లో చేరిపోయింది. తెర మీద మనం చూసేది నెలల తరబడి తిండి లెక్క పెట్టుకున్న శరీరాన్ని. పలకలు కనపడాలంటే వాటి మీదున్న కొవ్వు పొర పలచబడాలి. అబ్బాయిల్లో శరీర కొవ్వు సుమారు 10 నుంచి 14 శాతానికి వస్తే గీతలు తేలతాయి. అమ్మాయిల్లో ఇంకాస్త ఎక్కువ శాతం దగ్గరే తేలతాయి.

మరి పొట్ట వ్యాయామం చేస్తే పొట్ట దగ్గరి కొవ్వు కరగదా? దీన్ని నేరుగా పరీక్షించారు. 1984లో మసాచుసెట్స్ యూనివర్సిటీ పరిశోధకులు 13 మంది మగవాళ్లతో 27 రోజుల్లో ఒక్కొక్కరి చేత 5,004 సిటప్స్ చేయించారు. పొట్ట, వీపు, పిరుదుల దగ్గర నుంచి కొవ్వు కణాలు తీసి కొలిచారు. కణాల సైజు మూడు చోట్లా ఒకేలా తగ్గింది, పొట్ట దగ్గర ప్రత్యేకంగా ఏమీ తగ్గలేదు. 2011లో వచ్చిన ఇంకో అధ్యయనంలో 24 మందిని తీసుకున్నారు. వ్యాయామం చేసినవాళ్లు 6 వారాలు, వారానికి 5 రోజులు, 7 రకాల పొట్ట వ్యాయామాలు చేశారు. పొట్ట కండరాల ఓపిక పెరిగింది. పొట్ట కొవ్వు తగ్గలేదు.

కొవ్వు ఏ చోటు నుంచి ముందు తీయాలో శరీరమే నిర్ణయించుకుంటుంది. మన చేతిలో ఉన్నది మొత్తం తగ్గించడం మాత్రమే. దానికి లెక్క చూద్దాం.

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 65 కిలోల అబ్బాయికి 22 శాతం కొవ్వు ఉందనుకుందాం. అంటే 14.3 కిలోలు కొవ్వు, మిగతా 50.7 కిలోలు కండ, ఎముక, నీరు వగైరా. ఆ 50.7 చెక్కుచెదరకుండా కొవ్వు 14 శాతానికి రావాలంటే బరువు 59 కిలోలకి రావాలి. అంటే 6 కిలోలు తగ్గాలి. రోజుకి 500 కేలరీలు తక్కువ తింటే వారానికి 0.45 కిలో తగ్గుతుంది. 6 కిలోలకి 13 వారాలు పైనే. దాదాపు ఒక సెమిస్టర్.

ఇప్పుడు ఫెస్ట్ లెక్క. 20 రోజులు, రోజుకి 500 చొప్పున 10,000 కేలరీలు, అంటే 1.3 కిలోలు. అంతే. ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు, కూడికలు తీసివేతలు. అంతకన్నా వేగంగా తూకం తగ్గిందంటే పోయినదాంట్లో నీళ్లూ కండా కూడా ఉంటాయి. రాత్రి మెస్ మానేసినవాడు పోగొట్టుకునేది ఏ కండ కనపడాలని ఆశపడ్డాడో ఆ కండనే.

500 తగ్గించడానికి పస్తు ఉండక్కర్లేదు. 100 గ్రాముల బియ్యం సుమారు 350 కేలరీలు. 5 గ్రాముల నూనె 45. మెస్‌లో మూడోసారి పెట్టించుకునే అన్నం, కూర మీద తేలే నూనె, సాయంత్రం బజ్జీలు, కూల్‌డ్రింకు ఇవి సర్దుకుంటే సరిపోతుంది. ప్రోటీన్ మాత్రం తగ్గకూడదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములు చాలు, అంటే 65 కిలోలకి 54 గ్రాములు. బరువులెత్తేవాళ్లకి 1.6 గ్రాముల వరకు ఉపయోగం ఉంటుందని పరిశోధనలు చెప్తున్నాయి. గుడ్డుకి 6 గ్రాములు, 50 గ్రాముల ఎండు మీల్‌మేకర్‌కి సుమారు 26, గుప్పెడు వేరుశెనగలకి 7. పప్పు, పెరుగు, చికెన్ ఎలాగూ ఉన్నాయి. కండ పెంచుకోవడానికి ప్రోటీన్ పౌడర్ల జోలికి వెళ్లొద్దని ఆ సంస్థే 2024 ఆహార మార్గదర్శకాల్లో చెప్పింది. పాకెట్ మనీకి కూడా అది మంచి వార్తే.

ఒక సెమిస్టర్ ప్లాన్

సామాన్లేమీ అక్కర్లేదు. హాస్టల్‌లో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఉంది కదా, నిండా నీళ్లుంటే అదే 20 కిలోల బరువు.

సోమవారం: పడుకుని కాళ్లు ఎత్తడం, 8 నుంచి 12 సార్లు, 3 సెట్లు. తేలికైతే బార్‌కి వేలాడి మోకాళ్లు ఎత్తడం, తర్వాత కాళ్లు చాచి ఎత్తడం. ఆ తర్వాత ప్లాంక్, 30 సెకన్ల చొప్పున 3 సార్లు. నిమిషం దాటి నిలబడగలిగితే సమయం పెంచొద్దు, ఒక కాలు లేపి కష్టం పెంచండి.

గురువారం: ఛాతీ మీద బ్యాగుతో క్రంచ్, 10 నుంచి 15 సార్లు, 3 సెట్లు. సైడ్ ప్లాంక్, ఒక్కో పక్క 20 నుంచి 30 సెకన్లు, 3 సార్లు.

శనివారం, ఓపిక ఉంటే: క్యాన్ ఒక చేత్తో పట్టుకుని కారిడార్ ఒక చివర నుంచి ఇంకో చివరకి నడక, ఒక్కో చేతికి 3 సార్లు. భుజాలు సమంగా ఉండాలి, క్యాన్ వైపు ఒరగకూడదు. 20 కిలోలు ఎక్కువనిపిస్తే సగం నీళ్లతో మొదలుపెట్టండి. ఇదే మన టిక్కీ.

మొత్తం వారానికి గంటలోపే. నిద్ర లేచిన మొదటి గంటలో నడుం బాగా వంచే వ్యాయామాలు వద్దు. రాత్రంతా పడుకున్నాక వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పట్టి బిగుతుగా ఉంటాయి. సాయంత్రం మేలు.

కొలవడానికి అద్దం నమ్మొద్దు, లైటుని బట్టి మారుతుంది. టైలర్ టేపు తీసుకుని రెండు వారాలకోసారి ఉదయాన్నే నడుం చుట్టూ కొలవండి. మన దేశంలో నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే షుగర్, గుండె జబ్బుల ముప్పు పెరుగుతుందని డాక్టర్లు హెచ్చరిస్తారు. పలకల కన్నా ఈ అంకె ముఖ్యం.

ఎక్కడ ఆగాలి?

కండరం నొప్పి రెండు మూడు రోజుల్లో పోతుంది, భయం లేదు. నడుం నొప్పి కాల్లోకి దిగినా, తిమ్మిరెక్కినా, గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బు కనపడినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. అమ్మాయిలూ, తిండి తగ్గించాక నెలసరి తప్పుతుంటే శరీరం చాలడం లేదని చెప్తున్నట్టే. అప్పుడు కొవ్వు శాతం సంగతి పక్కన పెట్టి ముందు కడుపునిండా తినండి, డాక్టర్‌ని కలవండి. ఎప్పుడూ తిండి గురించే ఆలోచన, నలుగురితో కలిసి తినాలంటే భయం మొదలైతే, అది అబ్బాయైనా అమ్మాయైనా, ఒంటరిగా మోయొద్దు. రూమ్‌మేట్‌కి చెప్పండి. రూమ్‌మేట్లూ, పక్క మంచం వాడు వారం నుంచి మెస్‌కి రావట్లేదంటే "డైటింగ్‌లే" అని వదిలేయకండి, అడగండి.

చివరికి జవాబు ఇంతే. బలం కావాలంటే వారానికి రెండు మూడు రోజులు, ప్రతి రెండు వారాలకి కాస్త కష్టం పెంచుతూ చేయండి. పలకలు కనపడాలంటే రోజూ చేయాల్సిన పని ఉంది, కానీ అది మ్యాట్ మీద కాదు, మెస్ ప్లేటులో. దానికి ఒక సెమిస్టర్ పడుతుంది. ఫెస్ట్‌కి 20 రోజులే ఉంది కాబట్టి ఈసారికి చొక్కా వేసుకునే డాన్స్ చేద్దాం. వచ్చే సెమిస్టర్ మొదటి సోమవారం సాయంత్రం ఆరింటికి కారిడార్‌లో క్యాన్ పట్టుకుని నడుస్తూ ఉంటా, ఇష్టమున్నవాళ్లు మీ క్యాన్ తెచ్చుకోండి.